హ్యాష్ విలువ అడుగుదాం



2019 సెప్టెంబర్ 10న పుణె పోలీసులు నోయిడాలో ఢిల్లీ యూనివర్సిటీ అధ్యాపకుడు హనీ బాబు ఇంటిని సోదా చేసి ల్యాప్‌టాప్ పట్టుకెళ్లారు. హ్యాష్ విలువ ఇవ్వలేదని కుటుంబం చెప్పింది. హ్యాష్ అంటే డిస్కు వేలిముద్ర. అప్పుడే రాసిస్తే, తర్వాత ఒక్క అక్షరం మారినా బయటపడుతుంది.

అయితే అంతకుముందే చొరబడ్డ ఫైలును హ్యాష్ పట్టించదు. ఇదే భీమా కోరేగావ్ కేసులో, ఢిల్లీలో ఉండే రోనా విల్సన్ కంప్యూటర్‌లోకి 2016లో వరవరరావు ఖాతా నుంచి వచ్చిన ఈమెయిల్‌తో మాల్‌వేర్ చేరిందని, దాంతోనే ఫైళ్లు పెట్టారని అమెరికా సంస్థ ఆర్సెనల్ 2021లో తేల్చింది.

నాది సోషియాలజీ. లినక్స్, పైథాన్ సొంతంగా నేర్చుకున్నాను. మన ల్యాప్‌టాప్‌లో థీసిస్‌తోపాటు, మనల్ని నమ్మి నోరు విప్పిన వాడ మనుషుల మాటలున్నాయి. డిస్కును ఎన్‌క్రిప్ట్ చేయండి. తెలిసిన పేరుతో వచ్చిన అటాచ్‌మెంటైనా, ఫోన్ చేసి అడిగాకే తెరవండి. సోదాకొస్తే హ్యాష్ విలువ రాసిమ్మనండి.

జై భీమ్.