వెదకువారికి దొరకు పుట

వరిచేనిలో ఆకులమీద నూలుకండె ఆకారపు మచ్చలు కనబడినవి. మచ్చ నడుమ బూడిదరంగు, అంచున గోధుమరంగు. రాత్రులు చల్లగా ఉన్నవి, తెల్లవారుజామున మంచు దిగుచున్నది, యూరియా చల్లి వారము కాలేదు. రైతు జేబులోని ఫోను తీసి నోటితోనే అడుగును: "వరిలో అగ్గితెగులు వచ్చింది, ఏం చెయ్యాలి?" ఈ ప్రశ్నకు సమాధానము తెలుగులో వ్రాసి పెట్టినవారు లేకపోలేదు. అయినను ఆ ఉదయము ఆ రైతు ఫోనులో ఆ సమాధానము కనబడకపోవచ్చును. వ్రాసినవారి పాండిత్యమున లోపమేమియు లేదు. వారు వ్రాసిన పుట దేనిని గూర్చినదో వెదకు యంత్రమునకు బోధపడలేదు, అంతే. ఆకుమీద ఉన్న తెగులు వెన్నుమెడకు ప్రాకినచో దానిని మెడవిరుపు అందురు. మెడ విరిగిన వెన్నులో గింజ పాలుపోసికొనదు, తాలుగా మిగులును. అప్పుడు దొరకిన సమాధానము ఆ వెన్నుకు పనికిరాదు.

ఈ మాట రైతులకు మాత్రమే సంబంధించినది కాదు. మా శ్రోతల ఇండ్లలో నేడు రేడియో ప్రక్కనే ఫోను కూడ ఉన్నది. సహకార సంఘపు కార్యదర్శి, పాఠశాల ప్రధానోపాధ్యాయుడు, నేసిన చీరలు తామే అమ్ముకొను కుటుంబము, ఊరి చరిత్ర కూర్చిన విశ్రాంత ఉద్యోగి, వీరిలో వెబ్‌సైటు నడుపువారు పలువురు. పెట్టినంత మాత్రమున జనులు వచ్చి చూతురని తలచి, రాకపోయినపుడు నిరుత్సాహపడువారును పలువురే. పుటలోపల మనచేతనయిన మరమ్మతులు చేసి, వెదకువారికి అది దొరకునట్లు చేయుటను 'ఆన్ పేజ్ ఎస్.ఇ.ఓ.' అని వ్యవహరించుచున్నారు. పేరు బెదరించునట్లున్నది గాని, పని చాలవరకు భాషకు సంబంధించినది. మాటలే జీవనముగా గల మేము దానినిగూర్చి మాటాడుటకు సాహసించుట అందుచేతనే.

ముందుగా యంత్రము చేయు పని తెలియవలెను. గూగుల్ వంటి శోధన యంత్రము లంకె వెంబడి లంకె పట్టుకొని పుటనుండి పుటకు ప్రాకుచు పోవును. చదివిన మాటలను తన సూచికలో చేర్చుకొనును. పెద్ద గ్రంథముల చివర అకారాది సూచిక ఉండును గదా, అటువంటిదే ఇదియు. ఒక గ్రంథమునకు బదులు లోకమందలి పుటలకు. ఎవరైన అడిగినపుడు ఆ సూచికను తిరుగవేసి, తగిన పుటలను వరుసగా పేర్చి చూపును. 1998లో సెర్గీ బ్రిన్, లారీ పేజ్ అను ఇద్దరు స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు ప్రకటించిన పరిశోధన పత్రములో, ఒక పుటకు ఇతర పుటలనుండి వచ్చు లంకెలనుబట్టి దాని విలువ కట్టు విధానమును వివరించిరి. ఆ లంకెలు మన చేతిలో లేవు. కాని అదే పత్రములో పుట శీర్షికకును, లంకెమీద వ్రాసిన మాటలకును కూడ ప్రత్యేక స్థానమిచ్చిరి. అవి మన చేతిలోనివే.

ఇపుడొక పుటను ఊహించుకొందము. అగ్గితెగులును గూర్చి తెలిసినవారే దానిని తయారుచేసిరి. పైన పచ్చని పొలము బొమ్మ, దానిమీద "అన్నదాతకు అండ" అని వంపుల అక్షరములు. క్రింద కరపత్రమును ఫోటో తీసి అతికించిరి. ఫోను పైభాగమున కనబడు పుటపేరు మాత్రము "హోమ్" అని ఉన్నది. చూచుటకు ముచ్చటగానే ఉండును. యంత్రము దృష్టిలో మాత్రము ఇది దాదాపు తెల్లకాగితము.

మొదటి దోషము పేరు. ఈ పత్రికలో సాయంకాలపు కార్యక్రమముల పట్టికలో "6-30: ప్రసంగము" అని మాత్రమే వేసినచో ఎందరు రేడియో పెట్టుదురు? "వరిలో అగ్గితెగులు: గుర్తించుట, నివారించుట" అని వేసినచో పని ఉన్నవాడు గడియారము చూచుకొని కూర్చుండును. వెబ్ పుటకు శీర్షిక అను ప్రత్యేక స్థానమొకటి కలదు. వెదకినవారికి వరుసలో నీలిరంగు అక్షరములతో కనబడునది చాలమారులు అదియే. అందులో పుట విషయము ముందు, సంస్థ పేరు వెనుక ఉండవలెను. మనవారికి సంస్థపేరు, దాని క్రింద శాఖ పేరు, దాని క్రింద విభాగము పేరు వరుసగా వేసికొనుట అలవాటు. ఫోను తెర ఇరుకు. విషయము వచ్చులోపల వరుస ముగిసి చుక్కలు పడును. నూరు పుటలున్న వెబ్‌సైటులో నూరింటికిని ఒకటే పేరు పెట్టువారును కలరు. ఒక ఇంటిలో నలుగురు బిడ్డలకు ఒకే పేరు పెట్టి పిలిచినట్లుండును. ఏ పుట పేరు ఆ పుటదే కావలెను. పుటలోపల పైన వేయు పెద్ద శీర్షికయు అదే విషయమును చెప్పవలెను. "అన్నదాతకు అండ" అను మాట అందముగా ఉన్నచో దానిని క్రింద ఎక్కడైన వేసికొనవచ్చును.

రెండవది, మాకు మిక్కిలి ముఖ్యముగా తోచునది, వెదకువాని మాట. శాస్త్రజ్ఞుడు తన వ్యాసములో పైరిక్యులేరియా అని గాని, బ్లాస్ట్ అని గాని వ్రాయును. రైతు అగ్గితెగులు అనును. శాస్త్రజ్ఞుడు గోధుమవర్ణపు దోమ అనును. రైతు సుడిదోమ అనును, దెబ్బ తగిలిన పిమ్మట దోమపోటు అనును. వరి రకముల పేర్లు చూడుడు: బాపట్లలో రూపొందిన ఒక్క రకమునే బి.పి.టి. 5204 అని ఒకరు, సాంబ మసూరి అని మరియొకరు వెదకుదురు. ఆ రకము అగ్గితెగులుకు లొంగునది కనుక ఈ రెండు పేర్లును మన పుటలో ఉండుట న్యాయము. యంత్రము ఈనాడు పర్యాయపదములను కొంత గ్రహింపగలుగుచున్నది. ఆంగ్లమున గ్రహించినంతగా తెలుగున గ్రహించునని నమ్మి కూర్చుండుట మంచిది కాదు. అగ్గితెగులు అని కలిపి వ్రాయువారు, అగ్గి తెగులు అని విడదీయువారు, తెగుళ్లు, తెగుళ్ళు అని రెండు విధముల వ్రాయువారు ఉన్నారు. ఒక రూపము శీర్షికలో, వేరొకటి లోపలి వాక్యములలో సహజముగా వచ్చిన చాలును.

ఇచ్చట మావంటి పాతకాలపు చదువరులకు ఒక చిక్కు కలదు. సంధి చేయక విడిచి వ్రాసిన వాక్యము మా చెవికి బోడిగా తోచును. "వరియందలి యగ్గితెగులు" అని వ్రాసినచో వ్యాకరణము సంతసించును; కాని 'యగ్గితెగులు' అని వెదకు రైతు ఈ రాష్ట్రములలో ఒక్కడును లేడు. శీర్షికలలోనైన సంధులు విప్పి, సమాసములు తగ్గించి, నోట పలుకు మాటను వ్రాయవలెను. ఫోనుతో మాటాడియే వెదకువారికి ఇది మరింత అవసరము. మేము ఇట్టి భాషలో మాటాడుచు ఈ హితవు చెప్పుట విడ్డూరమే గాని, ఈ ప్రసంగము కోసము ఎవరును పొలము గట్టున వెదకబోరు.

మూడవ దోషము అక్షరములది. మన పుటలోని సమాచారమంతయు కరపత్రము ఫోటోలో ఉన్నది. యంత్రములు బొమ్మలలోని అక్షరములను కొంతవరకు చదువగలుగుచున్నవి గాని, మసక ఫోటోలోని ఒత్తులమీదను, దీర్ఘములమీదను ఒక పంట భవిష్యత్తును నిలుపరాదు. ఇంతకంటె మోసకరమైన సంగతి మరియొకటి. కంటికి తెలుగుగా కనబడుచు, యంత్రమునకు తెలుగు కాని అక్షరములు కలవు. యూనికోడ్ అను సర్వభాషా సంకేతపద్ధతిలో తెలుగుకు 1991 నాటి మొదటి కూర్పులోనే 128 స్థానములు కేటాయించిరి. అయినను అచ్చుపనికి వాడు పాత ఫాంట్లు చాలకాలము ఆ పద్ధతిని అనుసరింపలేదు; ఆంగ్లాక్షరముల సంకేతములకే తెలుగు ముసుగు తొడిగినవి. వాటితో కూర్చిన పుస్తకమును అట్లే వెబ్‌సైటులో పెట్టినచో, మనము 'వరి' అని చదువుదుము, యంత్రము అర్థములేని ఆంగ్లాక్షరములను చదువును. ఇట్లు మరుగున పడిన తెలుగు విజ్ఞానము ఎంతయో కలదు. పరీక్షించుట కష్టము కాదు. పుటలోని ఒక మాటను వ్రేలితో నొక్కి ఎత్తుకొని, మిత్రునికి పంపు సందేశములో అతికించి చూడుడు. తెలుగుగా అతికినచో అది జీవమున్న అక్షరము. గజిబిజిగా అతికినచో యూనికోడ్‌లోనికి మార్పింపవలెను. అసలు ఎత్తుటకే రాకున్నచో అది బొమ్మ; కూర్చుండి తిరిగి టైపు చేయుటయే మార్గము. మరమ్మతు లన్నింటిలో శ్రమ ఎక్కువ, ఫలము ఎక్కువ అయినది ఇదియే.

బొమ్మలు వలదని మా భావము కాదు. తెగులును గుర్తించుటకు ఫోటో కావలసినదే. ప్రతి బొమ్మకును చాటున ఒక వివరణవాక్యము వ్రాయు వీలు కలదు. "ఫోటో 1" అని గాక, "అగ్గితెగులు సోకిన వరి ఆకుపై నూలుకండె ఆకారపు మచ్చ" అని వ్రాయవలెను. యంత్రమునకు అది ఉపకరించును. చూపులేనివారికి ఫోను ఆ వాక్యమును చదివి వినిపించును. కనబడనిదానిని మాటలతో చూపుట రేడియోవారి పని గనుక ఈ ఏర్పాటుమీద మాకు కొంత మమకారము. ఒక్క జాగ్రత్త. ఫోనుతో తీసిన ఫోటోను తగ్గింపక పెట్టినచో, పల్లెలో సంకేతము సన్నగిలినచోట పుట తెరచుకొనకముందే రైతు వెనుకకు పోవును. పుటలోని ప్రధాన భాగము 2.5 సెకనులలోపల కనబడవలెనని గూగుల్ మార్గదర్శకము. అది పెద్ద కంప్యూటరులోని రూపమునుగాక ఫోనులోని రూపమునే ముఖ్యముగా చదువుచున్నది కూడ.

పుట మొదటి పేరాలోనే సమాధానము ఆరంభము కావలెను. సంస్థ పుట్టుపూర్వోత్తరములు, అధ్యక్షుల సందేశము తరువాత చదువుకొనవచ్చును. మచ్చ ఎట్లుండునో, యూరియా పైపాటు ఎందుకు ఆపవలెనో, ఎవరిని సంప్రదింపవలెనో ఉపశీర్షికలతో చెప్పి, వ్రాసినవారి పేరు, వ్రాసిన తేదీ వేయవలెను. తేదీ లేని వ్యవసాయ సలహా ప్రమాదకరము, సిఫారసులు మారుచుండును. శీర్షిక క్రింద కనబడు చిన్న వివరణకు వేరొక స్థానము కలదు. దానివలన వరుసలో స్థానము పెరుగదు, కాని చదివినవాడు నొక్కునా, దాటిపోవునా అనునది కొంత దానిమీద ఉండును.

చిరునామా మాట క్లుప్తముగా చెప్పుదుము. తెలుగు అక్షరములతో చిరునామా పెట్టుకొనవచ్చును. యంత్రమునకు అభ్యంతరము లేదు. అయితే దానిని ఎత్తి మరియొకచోట అతికించినపుడు ఒక్కొక్క గుర్తు 9 సంకేతములుగా విడిపోవుట కలదు. 'వరి' అను రెండక్షరముల మాటలో వకారము, రేఫ, గుడి కలిసి మూడు గుర్తులు. అది 27 సంకేతముల తోరణమగును. రోమను లిపిలో పొట్టిగా, మాటకు మాటకు నడుమ అడ్డగీతతో పెట్టుట సుఖమని మా అభిప్రాయము. అట్లే ఒక పుటనుండి వేరొక పుటకు లంకె వేయునపుడు "ఇక్కడ నొక్కండి" అని వ్రాయుటకంటె "మెడవిరుపు లక్షణములు" అని ఆ పుట విషయమునే వ్రాయుట మేలు.

మాటకు బలమున్నదని తెలిసినంతనే దానిని దుర్వినియోగము చేయువారు బయలుదేరుట లోకసహజము. పుటలో అగ్గితెగులు అను మాటను నలువదిసార్లు జపించుట, తెల్లని తెరమీద తెల్లని అక్షరములతో దాచుట ఒకప్పుడు సాగినవి. నేడవి దోషములుగా ఎంచబడి పుటకు చేటు తెచ్చుచున్నవి. ముఖ్యపదముల జాబితాను చాటున వ్రాయు పాత పద్ధతిని వరుస నిర్ణయమునకు వాడుట లేదని గూగుల్ 2009లోనే ప్రకటించినది. అయినను ఆ జాబితా వ్రాసిపెట్టుటకు రుసుము తీసికొనువారు ఇంకను ఉన్నారు. మొదటి స్థానము ఇప్పింతుమని హామీ ఇచ్చువారిని నమ్మరాదు. అట్టి హామీ ఎవరును ఇవ్వజాలరని గూగుల్ తానే చెప్పుచున్నది. సామాన్య వరుసలో చేరుటకు అది రుసుము తీసికొనదు కూడ.

ఇవన్నియు చేసిన మరునాడే ఫలము కనబడదు. యంత్రము తిరిగి వచ్చి చదువుటకు కొన్ని దినములు, ఒక్కొక్కప్పుడు కొన్ని వారములు పట్టును. కనుక అగ్గితెగులు పుటను మచ్చలు కనబడిన తరువాత గాక, నారు పోయునాటికే దిద్ది ఉంచవలెను. ప్రతి యేడును క్రొత్త పుట పెట్టుటకంటె, ఉన్న పుటనే దిద్ది తేదీ మార్చుట మంచిది. దానికి ఇదివరకు వచ్చిన లంకెలు దానితోనే ఉండును. గూగుల్ సెర్చ్ కన్సోల్ అను ఉచిత సాధనమొకటి కలదు. జనులు ఏయే మాటలతో వెదకినపుడు మన పుట కనబడినదో, ఎందరు నొక్కిరో అందులో చూడవచ్చును. నెలకొకమారు ఆ పట్టికను తెరచి, మనము వ్రాయని మాట ఏదైన అందులో ఉన్నదేమో వెదకవలెను. మనము మెడవిరుపు అని వ్రాసినచో, మరియొక జిల్లావారు దానిని తమ వాడుకపేరుతో అడుగుచుండవచ్చును. ఆ పేరును ఆ సాయంకాలమే పుటలో చేర్చవచ్చును.