వంగతోటలో వడలు తెగులును గుర్తించు నీటి పరీక్ష



వంగ, టమాట తోటలలో పచ్చగా నున్న మొక్క మధ్యాహ్నవేళ తల వ్రేలవైచి, సాయంకాలమునకు తేరుకొని, రెండుమూడు దినములలో ఇక తేరుకొనకయే వడలిపోవుట పలువురు చూచియే యుందురు. నీరు చాలలేదని తలచి వెంటనే కాలువ మళ్లించుట వాడుక. అది సూక్ష్మజీవుల వలని తెగులైనచో, ఆ నీరే దానిని మడినుండి మడికి కొనిపోవును. కావున నీరు పెట్టుటకు ముందు మొక్కను పరీక్షింపవలయును.

ఈ తెగులునకు బాక్టీరియా యను సూక్ష్మజీవులు కారణమని 1896లో అమెరికా దేశమున ఎర్విన్ స్మిత్ అను శాస్త్రజ్ఞుడు ప్రకటించెను. ఒక్కొక్కదాని పొడవు అంగుళములో సుమారు 15000వ వంతు. ఇవి వేళ్ల గాయములగుండ జొచ్చి, నీరు పైకెక్కు నాళములలో కోట్లకొలదిగ పెరిగి, జిగురు విడిచి వానిని పూడ్చివేయును. నేల తడిసియున్నను మొక్క దప్పికతో చచ్చుట ఇందువలననే.

కాండమును చీల్చి గోధుమరంగు చారలు చూచినంతమాత్రమున నిర్ణయింపరాదు. బూజుజాతి వలన గలుగు ఎండు తెగులునందును అట్టి చారలుండును. అందు సాధారణముగ క్రింది ఆకులు ముందు పసుపువారును. ఇందు ఆకులు పచ్చగా నుండగనే వడలును. ఈ భేదమును ఒక్కొకప్పుడు మోసగించును.

అప్పుడే వడలిన మొక్కను ఏరుకొనవలెను. ఎండి కట్టెయైనది పనికిరాదు. నేలకు కొంచెము పైగా కాండమును వాడి కత్తితో కోసి, మూడంగుళముల ముక్క తీసి, మన్ను కడిగి, తేటనీరు గల గాజుగ్లాసులో క్రింది కోత మాత్రము మునుగునట్లు దారముతో వ్రేలగట్టవలెను. వెనుక నల్లగుడ్డ యున్న మేలు. అయిదు పది నిమిషములలో కోతనుండి తెల్లని నూలుపోగులవంటి ధారలు పొగవలె క్రిందికి దిగును. పిమ్మట నీరు పాలు కలిపినట్లగును. ఆరోగ్యముగల మొక్క ముక్కను వేరొక గ్లాసులో నుంచి పోల్చుకొనవలెను. తొందరపడి గ్లాసును ఎత్తి త్రిప్పి చూచువారికి ధారలు చెదరి ఏమియు గానరాదు.

ధారలు దిగినచో మందులతో ఆ మొక్కను బ్రతికింపజాలము. వేళ్లతో పెకలించి కాల్చివేయవలెను, పెంటకుప్పలో వేయరాదు. కత్తిని కడిగి, గ్లాసులోని నీటితో సహా మరగబెట్టవలెను. ఆ మడి నీటిని ఇతర మడులకు పారనీయరాదు. వంగ, టమాట, మిరప, బంగాళాదుంప, పొగాకు ఒకే తెగులునకు లోనగునవి గాన, ఆ నేలలో కొన్నియేండ్లు వీనిని మాని వరి, జొన్న, మొక్కజొన్న వేయవలెను.

ఒక ముక్కనుండి ధారలు రాకున్న, మరి రెండుమూడు మొక్కలను అట్లే చూడవలెను. అప్పటికిని రాకున్న, వేళ్లపై బుడిపెలును, కాండములో పురుగు తొలిచిన రంధ్రములును వెదకవలెను.