చూడని సరకు, ఎరుగని షావుకారు



నేడు నేను మాటలాడబోవు విషయము సగము ప్రాతది, సగము క్రొత్తది. సరకు కంట జూడక సొమ్ము పంపుట ప్రాత సాహసమే. దానిని ఇంటి యరుగుమీద కూర్చుండి, చేతి ఫోనుతో, సముద్రముల కావలనున్న ముఖమెరుగని వర్తకునితో జరుపుట మాత్రము క్రొత్త. పట్టు తీయు యంత్రములు, బిందుసేద్యపు పరికరములు, రాతిని కోయు రంపపు బిళ్ళలు, క్రొత్తరకపు విత్తనములు, వీనినెల్ల మన యిండ్లలోని యువకులు ఇంటర్నెట్టులో జూచి విదేశములనుండి తెప్పించుటకు ప్రయత్నించుచున్నారు. తెప్పించుట తప్పు కాదు. ధర కలిసివచ్చుటయు గలదు. ఏ దారిని తెప్పించుచున్నారన్నదే ప్రశ్న.

నేను చిరకాలము బ్యాంకులో దిగుమతి కాగితములను పరిశీలించు పనిలో నుంటిని. ఇప్పుడు విశ్రాంతిలో నున్నను, గ్రామములనుండి యువకులు ఫోను చేతబట్టుకొని వచ్చి, “అయ్యా, ఈ చీనా కంపెనీకి పైకము పంపవచ్చునా?” యని యడుగుచునే యుందురు. వారిలో పెక్కుమంది పంపిన పిమ్మట వచ్చుచున్నారు. పంపకమునుపే ఇంటి పెద్దలు నాలుగు ప్రశ్నలడిగిన బాగుండునని తోచి, ఈ ప్రసంగమును మీ కొఱకే సిద్ధము చేసితిని.

మన బేరములలో మనల నేది కాపాడుచున్నదో మొదట చూతము. మదనపల్లె టమాటా మార్కెట్టులో వేలము పాడువాడు పెట్టెలోని కాయను చేతబట్టి చూచిగాని ధర పలుకడు. మండీవారు తూకములోను, తరగులోను, కమీషనులోను మనల నేడిపించిరని మనమెంత గొణిగినను, వారు మరునాడు అక్కడనే యుందురు, నిలబెట్టి యడుగవచ్చును. నీరుగట్టువారిపల్లెలో నేతగాడు పట్టుపోగు కొనునపుడు అనుమానము గలిగినచో ఒక పోగును నిప్పున జూపును. వెండ్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వ్రేళ్ల నడుమ పొడియైనచో అది పట్టు. కరిగి ముద్దగట్టినచో వేరొకటి. ఫోను తెరమీది పోగును కాల్చి చూచుట ఎట్లు?

పుంగనూరు ఆవు మాట తీసికొనుడు. 2024 సంక్రాంతినాడు ప్రధానమంత్రి తన యింట ఆ పొట్టి గోవులకు మేత పెట్టుచున్న చిత్రములు దేశమంతట వ్యాపించినవి. అట్టి చిత్రమును జూచి ఏ దూరదేశస్థుడో, “నా కొక దూడ కావలెను, ఫొటో పంపుడు, పైకము పంపెదను” అన్నచో మీరేమందురు? “నాయనా, వచ్చి చూచుకొనుము, ఎత్తు కొలుచుకొనుము, కావలసినచో పలమనేరు పశుపరిశోధనా కేంద్రమువారి నడిగి తెలిసికొనుము” అందురు. ఆవు నమ్మెడు పుంగనూరువారికి తెలిసిన ఈ న్యాయము, యంత్రము కొనెడు పుంగనూరువారికి మఱపునకు వచ్చుటయే వింత.

దూరము పెరిగినకొలది మనకు చేయి, కన్ను, ముక్కు పనిచేయవు. అప్పుడు మిగులునది నడుమనున్న మనిషి. 1990ల చివరి సంవత్సరములలో కుప్పములో ఇజ్రాయెలు పద్ధతిని సేద్యము చేయించిన ప్రయోగము మీలో అనేకులకు జ్ఞాపకముండును. దాని మంచిచెడ్డలు వేరొక ప్రసంగమునకు తగినవి. కాని నాడు పరదేశపు విద్యతోబాటు దానిని తెలిసినవారు గూడ పొలముగట్టునకు వచ్చిరి, నడుమ ప్రభుత్వముండెను. నేడు ఫోనులో బేరము చేయు కుర్రవానికి నడుమ ఎవ్వరును లేరు. మోసగాని కోరికయు సరిగా అదియే: నడుమ ఎవ్వరును ఉండరాదు.

కుప్పము దిక్కున పట్టు తీయు వృత్తిలోనున్న యొక గృహస్థు నాకు తెలియును. ఆయన చీనాదేశపు కంపెనీతో ఆరు మాసములు ఉత్తర ప్రత్యుత్తరములు నడిపెను. కంపెనీ నిజమైనది, యంత్రమును నిజమైనదే. ధరలో మూడవవంతు బయానాగా పంపవలసిన తరుణమున ఒక ఈ-మెయిలు వచ్చెను: “మా బ్యాంకు ఖాతాలో లెక్కల తనిఖీ జరుగుచున్నది, పైకమును ఈ క్రొత్త ఖాతాకు పంపుడు.” ఆయన పంపెను. ఆ ఉత్తరము కంపెనీవారు వ్రాసినది కాదు. ఎవడో వారి ఉత్తరములను దొంగచాటుగా చదువుచుండి, పైకము కదలు వేళకు నడుమ జొరబడెను. చిరునామాలో ఒక్క అక్షరమే భేదము. మన లిపిలో “థ”కును “ధ”కును గల భేద మెంతో, ఇంగ్లీషులో “ఎమ్” అను అక్షరమునకును, దగ్గరగా వ్రాసిన “ఆర్, ఎన్” అను రెండక్షరములకును గల భేదము అంతయే. ఆయన బ్యాంకు ద్వారా పైకమును వెనుకకు కోరునప్పటికి ఆ ఖాతా ఖాళీ యయ్యెను. పెండ్లికి దాచిన సొమ్ము.

ఇట్టి మోసమునకు మందు చాల చౌక. ఖాతా మారినదని ఉత్తరము వచ్చినచో, ఆ ఉత్తరములోనున్న నంబరునకు గాక, మొదటినుండి మీయొద్దనున్న నంబరునకు ఫోను చేసి, ఎరిగిన మనిషితో మాటలాడి నిశ్చయించుకొనవలెను. ఖాతాదారుని పేరు కంపెనీ పేరుతో సరిపోవలెను. కంపెనీ పేరొకటియు, ఖాతా ఏ వ్యక్తి పేరనో వేరొక దేశములోనో యున్నచో కారణమడుగవలెను. చీనాలోని ప్రతి కంపెనీకి 18 స్థానముల నమోదు సంఖ్య యొకటి యుండును. దానిని అచ్చటి ప్రభుత్వపు బహిరంగ పట్టికలో ఎవరైనను ఉచితముగా చూడవచ్చును. ఆ సంఖ్య నడిగినచో నిజమైన వర్తకుడు కోపింపడు.

“ఇంటర్నెట్టు అంగడిలో వానికి బంగారు ముద్ర యున్నది గదా” యని యువకులందురు. ఆ ముద్ర చరిత్ర వినుడు. 2011 ఫిబ్రవరిలో చీనాలోని అలీబాబా సంస్థ తానే ఒక సంగతిని వెల్లడించెను. తమ అంగడిలో రుసుము చెల్లించి “బంగారు వర్తకులు” అనిపించుకొన్నవారిలో రమారమి 2,300 మంది 2009, 2010 సంవత్సరములలో కొనువారిని మోసగించిరి; సంస్థలోని అమ్మకపు ఉద్యోగులే సుమారు నూరుగురు దానికి తోడ్పడిరి. ముఖ్యాధికారి పదవిని వదలుకొనవలసి వచ్చెను. ఆ సంస్థ దాచిపెట్టక చెప్పుట మెచ్చదగినదే. కాని ముద్ర చూచి నమ్మినవారి సొమ్ము ముద్ర చూచియే పోయినది.

ఇక నడిమి మనిషిని నిలుపుకొను విధము. పెద్ద మొత్తమైనచో బ్యాంకుద్వారా “లెటర్ ఆఫ్ క్రెడిట్” పుట్టించవచ్చును. ఇది మన హుండీకి దూరపు చుట్టము వంటిది. కొనువాని బ్యాంకు అమ్మువానికి మాట యిచ్చును: “సరకు ఓడకెక్కించినట్లు ఓడవారి రసీదు, బీజకము, ఒప్పుకొన్న తక్కిన కాగితములు సక్రమముగా జూపినచో పైకము నేను చెల్లించెదను.” అంతవరకు సొమ్ము కదలదు. దీని నియమములను అంతర్జాతీయ వాణిజ్య మండలి 1933లో మొదట ప్రకటించెను. తరువాత సవరించిన 2007 నాటి నియమములను నేను పనిలో వాడితిని. ఇందులో నొక మెలిక గలదు, దానిని చెప్పకుండుట న్యాయము కాదు. బ్యాంకు చూచునది కాగితములనే గాని పెట్టెలోని సరకును గాదు. కాగితములు సరిగానుండి పెట్టెలో రాళ్లున్నను బ్యాంకు చెల్లింపవలసినదే. కావున ఓడ కెక్కకముందు సరకును పరీక్షించిన స్వతంత్ర పరీక్షకుని పత్రము గూడ కాగితములలో నుండవలెనని మొదటనే వ్రాయించుకొనవలెను. దానికి వ్రాయు రుసుము దండుగ కాదు.

చిన్న మొత్తములకు ఇంత తతంగము గిట్టదు. అప్పుడు సరకు అందువరకు పైకమును తమయొద్ద నిలిపియుంచు అంగడిలోనే చెల్లింపవలెను. మోసగాడు ఇక్కడనే, “ఈ అంగడికి కమీషనెందుకు? నేరుగా నా ఖాతాకు పంపిన పదోవంతు తగ్గించెదను” అనును. ఆ తగ్గింపునకు లోబడి బయటికి వచ్చిన క్షణమున నడిమి మనిషి పోయెను.

ఇంకొక మాట అనును: “సరకు ధర తక్కువగా వ్రాసెదము, బహుమానమని వ్రాసెదము, సుంకము మిగులును.” సుంకము నెగవేయుట 1962 నాటి కస్టమ్సు చట్టము ప్రకారము నేరము. అంతకంటె పెద్ద కీడు వేరొకటి గలదు. కొనువాడు తానే అబద్ధపు కాగితముపై చేవ్రాలు చేసినచో, రేపు మోసము జరిగినను పోలీసు మెట్లెక్కుటకు వానికి ధైర్యముండదు. మోసగానికి కావలసినది ఆ మౌనమే. వ్యాపారమునకై దిగుమతి చేయువారు విదేశవాణిజ్య శాఖనుండి దిగుమతి-ఎగుమతి సంఖ్యను తీసికొని, ఉన్న ధర నున్నట్లు వ్రాయించి, బ్యాంకు ద్వారానే పంపవలెను.

విత్తనముల సంగతి క్లుప్తముగా. 2020లో అనేక దేశములలో ఎవరును కోరని విత్తనపు పొట్లములు తపాలలో వచ్చినవి. ఆ ఆగస్టులో మన కేంద్ర వ్యవసాయ శాఖ రాష్ట్రములను హెచ్చరించెను. విదేశపు విత్తనములకు 2003 నాటి ఉత్తర్వు ప్రకారము అనుమతియు, తెగుళ్లు లేవని అచ్చటి ప్రభుత్వమిచ్చు పత్రమును ఉండవలెను. ఇవి లేనివానిని చౌకయని నాటరాదు. ఒకని పొలములో దిగిన తెగులు గట్టు చూచి ఆగదు.

“మీ పార్సెలు విమానాశ్రయములో ఆగినది, సుంకము వెంటనే ఈ ఖాతాకు కట్టుడు, లేనిచో అరెస్టు” అని ఫోను వచ్చినచో పెట్టివేయుడు. కస్టమ్సువారు ఏ వ్యక్తి ఖాతాకును సుంకము కట్టుమనరు. 2019 నవంబరునుండి వారు పంపు ఉత్తరములపై ఒక గుర్తింపు సంఖ్య వేయు నియమము వచ్చినది. దానిని వారి వెబ్‌సైటులో సరిచూచుకొనవచ్చును.

ఇన్ని చెప్పినను ఎవరో ఒకరు మోసపోవుదురు. అప్పుడు పెద్దలు చేయవలసిన పని యొకటి గలదు. కుర్రవానిని తిట్టకుడు. తిట్టుదురని భయపడి వాడు నాలుగు దినములు దాచును. ఆ నాలుగు దినములలో పైకము నాలుగు ఖాతాలు మారును. తెలిసిన గడియలోనే 1930 అను నంబరునకు ఫోను చేయించుడు. అది దేశమంతటికి సైబరు నేరముల నంబరు. వెంటనే బ్యాంకునకు పోయి, విదేశమునకు వెళ్లిన పైకమును వెనుకకు కోరుచు అవతలి బ్యాంకునకు సందేశము పంపుడని వ్రాతమూలకముగా అడుగుడు. ఈ-మెయిళ్లు, చెల్లింపు రసీదులు, ఫోను సంభాషణలు ఒక్కటియు చెరపవద్దు. అన్నింటిని అచ్చువేయించి ఒక సంచిలో పెట్టి పోలీసు స్టేషనునకు తీసికొనిపోవుడు. కుర్రవానిని ఒంటరిగా పంపక, వెంట మీరును నడువుడు.