మణికట్టు దగ్గర చిన్న ఆపరేషన్

పట్టాలు అందుకుంటున్న యువ డాక్టర్లకు అభినందనలు. మిమ్మల్ని ఇంతదాకా తీసుకొచ్చిన అమ్మానాన్నలకు అంతకు రెట్టింపు.

మీలో సర్జన్లు కాబోయేవాళ్లకు ఒక చిన్న ఆపరేషన్ గురించి చెప్పాలని వచ్చాను. మణికట్టు దగ్గర ధమనిని, పక్కనున్న సిరను కలిపి కుట్టడం. 1966లో న్యూయార్క్‌లో బ్రెషియా, సిమినో, వాళ్ల సహచరులు లోకానికి చూపిన ఈ ఫిస్టులాకు మించిన దారి, రక్తాన్ని యంత్రానికి చేర్చడానికి, చాలామంది డయాలసిస్ రోగులకు నేటికీ లేదు. కుట్లు పూర్తయి క్లాంపు తీయగానే రక్తం ఒక్క ఉరుకున సిరలోకి వస్తుంది. వేలు ఆనిస్తే జుమ్మని అదురు తెలుస్తుంది. కొన్ని వారాలకు సిర లావెక్కి, గోడ గట్టిపడి సూదులకు తట్టుకుంటుంది.

అయితే ఇంత అవసరమైన ఈ పని తెలిసిన చేతులు ఇథియోపియాలో కరువు. అక్కడ డయాలసిస్ ఖర్చు చాలామంది సొంతంగా భరించాల్సిందే. వారానికి మూడుసార్లు కావలసినవాళ్లు రెండుసార్లతో సరిపెట్టుకుంటారు. ఫిస్టులా లేకపోతే మెడలో గొట్టం, దాని వెంట చలిజ్వరం, రక్తంలో ఇన్ఫెక్షన్. దాతలు ఎన్ని యంత్రాలు పంపినా, రక్తం వాటిని చేరే దారి సరిగా లేకపోతే ఏం లాభం?

సెలవు పెట్టి, సొంత ఖర్చుతో అలాంటి చోటికి వెళ్లే సర్జన్లంటే నాకు ఎంతో గౌరవం. కానీ వారంపాటు వరసగా కేసులు చేసి విమానమెక్కితే, నెల తర్వాత మూసుకుపోయిన ఫిస్టులాను ఎవరు చూస్తారు? అందుకే అడిస్ అబాబాలోని సెయింట్ పాల్స్ ఆసుపత్రి నాకు ఆదర్శంగా కనిపిస్తుంది. 2015 సెప్టెంబరులో ఆ దేశంలో కిడ్నీ మార్పిడులు అక్కడే మొదలయ్యాయి. మిషిగన్ విశ్వవిద్యాలయం సర్జన్లు వెళ్లి ఆపరేషన్లు చేయడంతో ఆగలేదు, ఇథియోపియా వైద్యబృందానికి శిక్షణ ఇచ్చారు.

కిడ్నీ జబ్బులతో నలిగిన ఉద్దానం బాధ తెలిసిన నేల మనది. డయాలసిస్ మంచం పక్కన కుటుంబం ఎలా కరిగిపోతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. అందుకే మీరూ అలాంటి చోట్లకు వెళ్లండి. ఒకే ఆసుపత్రిని ఎంచుకుని ఏటా అక్కడికే వెళ్లండి. మొదటి కేసు మీరు చేయండి, తర్వాతివి అక్కడి డాక్టరు చేతికిచ్చి మీరు రిట్రాక్టర్ పట్టుకోండి. డయాలసిస్ నర్సును పిలిచి ఆ అదురు ఆమె వేలికి తెలిసేలా చేయండి. ఫిస్టులా ఉన్న చేతికి బీపీ పట్టీ కట్టకూడదని, రక్తపరీక్షకు సూది గుచ్చకూడదని రోగికి వాళ్ల భాషలో చెప్పించండి. తిరిగొచ్చాక, ఏ అర్ధరాత్రో అక్కడి నుంచి ఫోన్ వస్తే ఎత్తండి.