దొరువు నీటికి హద్దు



అల్లూరు, ముత్తుకూరు వైపు మన సముద్రతీరపు ఇసుక నేలల్లో దొరువు తవ్వితే కొద్ది లోతులోనే మంచినీరు ఊరుతుంది. "ఇంకా లోతుకు దిగితే ఇంకా నీరు రాదా?" అని మీరడగవచ్చు. వస్తుంది, అయితే అది ఉప్పునీరు!

ఎందుచేతనంటే, ఇంకిన వాననీరు తేలిక. అడుగునున్న బరువైన సముద్రపు నీటిమీద అది పొరగా తేలుతుంటుంది. పైన మంచినీటి మట్టం ఒక అడుగు తగ్గితే, అడుగున ఉప్పునీరు క్రమేణా సుమారు 40 అడుగులు పైకి రాగలదు. ఒకరు బోరు దింపి అదేపనిగా తోడితే ఇరుగుపొరుగు మళ్లు కూడా చౌడుబారతాయి.

కనుక నీటిని పైపైన, కొద్దికొద్దిగా తీసుకోవాలి. బాపట్ల పరిశోధకులు మెరుగుపరచిన దొరువు పద్ధతి ఇందుకే. చిల్లుల గొట్టాలను నీటిమట్టానికి కాస్త దిగువన అడ్డంగా పరచి, ఆ నీటిని నడిమి బావిలోకి చేరుస్తారు. ఆ నీటితో వరికి బదులు వేరుశనగ, కూరగాయలు పండించుకోండి.

రొయ్యల గుంటలున్నవారు ఉప్పునీటిని సాగుకాలువల్లోకి వదలరాదు. తీరప్రాంతపు గుంటలకు 2005 చట్టం ప్రకారం రిజిస్ట్రేషను తప్పనిసరి.

గట్లు ఎవరివి వారివే గాని, అడుగున నీరు అందరిదీ ఒక్కటే. దొరువుల రైతులంతా కూర్చుని, ఎవరు ఎన్ని గంటలు తోడాలో వేసవికి ముందే కట్టుబాటు చేసుకోండి.