విషవాయు ప్రమాదము – మొదటి దినముల చిట్టా



మన సంఘపు గోష్ఠులలో కావ్యములను గూర్చియు, నాటకములను గూర్చియు తరచుగా వినుచున్నాము. నేడు నేనెన్నుకొన్న విషయము అంత రమణీయమైనది కాదు. కర్మాగారమునుండి విషవాయువు వెలువడినప్పుడు పరిసర ప్రజల ఆరోగ్యమును ఏ రీతిగా నిర్ణయింపవలెనన్నదే ఆ విషయము. నేను వైద్యుడను కాను. కాగితములతో కాలము గడుపువాడను. ఐనను ఈ కార్యమున వైద్యునికెంత పని కలదో, చిట్టా వ్రాయువానికిని అంత పని కలదని నా విశ్వాసము.

ఢిల్లీనుండి మన ప్రాంతమునకు పోవు రైళ్లు పెక్కులు భోపాలు మీదుగనే పోవును. 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి, 3వ తేదీ తెల్లవారకమునుపే, ఆ నగరమున యూనియన్ కార్బైడ్ కర్మాగారమునుండి సుమారు 40 టన్నుల మిథైల్ ఐసోసయనేటు వెలువడెను. నిద్రించుచున్నవారు కన్నులు మండ, ఊపిరియాడక, వీధులలోనికి పరుగిడిరి. మొదట ప్రభుత్వము ప్రకటించిన మృతుల సంఖ్య 2,259. పిమ్మట ఆ సంఖ్య పెరిగినది. దానిపై వివాదము మాత్రము సమసిపోలేదు. మృతులను లెక్కించుటయే ఇంత దుష్కరమైనచో, జీవించియుండి ఊపిరితిత్తులు చెడినవారిని లెక్కించుట ఎంత దుష్కరమో ఊహింపుడు.

భారత వైద్య పరిశోధన మండలి ఆ నగరమును మరణముల తీవ్రతననుసరించి భాగములుగా విభజించి, వాయువు సోకని పేటలవారితో పోల్చుచు 1994 వరకు పరిశీలన సాగించినది. ఈ పోలిక అత్యవసరము. దగ్గు ప్రతి పేటలోను ఉండును. వంటపొగయు, క్షయయు అంతటను కలవు. వాయువువలన అదనముగా వచ్చినదెంతయో తెలియవలెనన్న, సోకనివారి లెక్కయు చేతనుండవలెను. ఇంత జరిగియు, పరిహారము కోరిన పేదలు ఆ రాత్రి తామచ్చటనే యుంటిమని, తమ వ్యాధికి ఆ వాయువే కారణమని ఏండ్ల తరబడి పత్రములతో నిరూపించుకొనవలసి వచ్చినది. ఊపిరికై పరుగిడినవాడు రసీదు తీసికొని పరుగిడునా?

ఇటలీలోని సెవేసోలో 1976 జూలై 10న డయాక్సిన్ వెలువడినది. అచ్చటి వైద్యులు వేలకొలది రక్తనమూనాలను గడ్డకట్టించి భద్రపరచిరి. కొద్దిపాటి రక్తములో ఆ విషమును కొలుచు పద్ధతి ఆనాటికి లేదు. సుమారు పదేండ్లకు అది లభించినది. అప్పుడా నమూనాలను పరీక్షించి, ఎవరికెంత విషము సోకినదో తెలిసికొనిరి. ముందుచూపు అనగా ఇదియే.

అన్ని విషములును అట్లు నిలిచియుండవు. విశాఖపట్టణమున వేంకటాపురము చెంత 2020 మే 7 తెల్లవారుజామున స్టైరీను ఆవిరి వ్యాపించి 12 మంది మరణించిరి. స్టైరీను దేహమున మార్పు చెంది, ముఖ్యముగా మాండెలిక్ ఆమ్లముగా మూత్రముతో వెడలిపోవును. కొలది దినములు గడచిన పిమ్మట వెదకినను దాని జాడ కానరాదు. కనుక మొదటి దినముల పరీక్షకు బదులు మరియొకటి లేదు.

ఇక ఆ చిట్టాలో నేమి వ్రాయవలెను? పేరు, వయస్సు, ఇల్లు, ఆ వేళ ఇంటనుండిరా, వెలుపలనుండిరా, ఏ దిక్కునకు పరుగిడిరి, కన్నులు, ఊపిరి ఎట్లున్నవి, గర్భిణులెవరు. చచ్చిన పశువులను, మాడిన ఆకులను సయితము వ్రాయవలెను. గాలి పోయిన దారిని అవి చూపును. ఆసుపత్రికి వచ్చినవారితో సరిపెట్టక ఇంటింటికిని పోవలెను. రాలేనివారు, రానివారు అచ్చటనే యుందురు. ఊరు విడిచిపోయినవారి కొత్త చిరునామా కూడ చేర్చవలెను. వ్రాసినదాని ప్రతి వారి చేతికీయవలెను.

1996 నాటి రసాయన ప్రమాదముల నిబంధనలు జిల్లాలయందును, స్థానికముగను సంక్షోభ బృందములుండవలెనని విధించినవి. ఆ బృందముల చేత ఇట్టి పట్టికలు ముందే అచ్చయి సిద్ధముగా నుండవలెనని, వ్రాయువారు ముందే నియమితులు కావలెనని నా మనవి. కర్మాగారముల చెంత నివసించు మన బంధుమిత్రులు ఈ ప్రశ్నను అధికారులనడుగుట ధర్మము.

చిట్టా వ్రాయుట నీరసమైన పనియని మనలో కొందరి తలపు. కాని ఆపద దినమున దానిలోనికెక్కని పేరు, ఇరువదియేండ్లకు చికిత్స కోరి వచ్చినపుడు ఎవరికిని తెలియని పేరగును.