ఒక కంప్యూటరునకు రెండు తెరలు



కంప్యూటరునకు ఒక తెర చాలదా, రెండు తెరలెందుకని మా గ్రామమున ఒక పెద్దమనిషి నన్నడిగిరి. ఆయన కొల్లేటి గట్టున చేపల చెరువుల లెక్కలు వ్రాసి వ్రాసి తల నెరసినవారు. "అయ్యా, మీరు చిట్టా నొక ప్రక్కను, ఆవర్జా నొక ప్రక్కను తెఱచి పెట్టుకొనియే కదా పద్దులు దించెదరు? చిట్టా మూసి ఆవర్జా, ఆవర్జా మూసి చిట్టా తెఱచుచుండిన పద్దు తప్పదా?" అంటిని. ఆయనకు వెంటనే బోధపడినది. నా కది బోధపడుటకు మాత్రము ఒక చేటు జరుగవలసి వచ్చెను.

మా గురువుగారు ఛందస్సును గూర్చి వ్రాసియుంచిన చేతివ్రాత పుస్తకములు మూడున్నవి. అచ్చు కానివి, వేఱు ప్రతి లేనివి. బుడమేరు, తమ్మిలేరు పొంగి కొల్లేరు నిండిన దినములలో మన ఇండ్ల కాగితము లెట్లు చెమ్మగిల్లునో మీ రెఱుగుదురు. సిరా వెలిసి, అంచులు పొడియగుచున్నవి. ప్రతి పుటకును ఛాయాచిత్రము తీసి, దానిని చూచి కంప్యూటరులో వ్రాయ నారంభించితిని. తెర ఒక్కటే. బొమ్మ చూచుట, దానిని దాచుట, పంక్తి వ్రాయుట, మరల బొమ్మ చూచుట. ఇట్లు మొదటి పుస్తకము ముగించి, గురువుగారి కుమార్తెకు చదివి వినిపించితిని. ఆమె ఎనుబదియేండ్లు దాటినవారు. చూపు లేదు గాని వినికిడి, జ్ఞాపకము చెక్కుచెదరలేదు. యతి ప్రకరణమున నన్నాపి, "తమ్ముడూ, సంయుక్తాక్షరములోని ఏ హల్లునకైనను యతి చెల్లునని నాన్నగారు ఇచ్చట చెప్పెడివారు. ఆ మాట ఏదీ?" అనిరి. చూడగా రెండు పంక్తులు ఒకే మాటతో ముగిసినవి. నా కన్ను మొదటిదానిపై నుండి మూడవదానికి దుమికినది. నడిమి పంక్తి పోయినది. "ఇంకెన్ని పోయినవో!" అని ఆమె అన్నపుడు నేను మాటాడలేకపోతిని.

ఇది వ్రాయసకాండ్రకు అనాదిగా నున్న దోషమే. అందువలననే వెనుక ఒకరు చదువుచుండగా మఱియొకరు సరిచూచెడివారు. మచిలీపట్టణమునను రాజమహేంద్రవరమునను ఉద్యోగము చేసిన బ్రౌనుదొర, పండితులకు జీతములిచ్చి, ఒక్కొక్క గ్రంథమునకు పలు ప్రతులు తెప్పించి సరిచూపించెను. 1829లో వేమన పద్యములను అచ్చువేయించెను. నాకు ఆ రెండవ మనిషి లేడు. రెండవ తెరయే దిక్కయినది.

తాడేపల్లిగూడెమున ఒక పాత తెర చౌకగా దొరకినది. ఇక త్రాడు. త్రాడు కొనక పూర్వమే యంత్రము వెనుకటి రంధ్రముల రూపము చూచుకొనవలెను. మూడు వరుసలుగా పదునైదు సూదులు పట్టు నీలిరంగుది వి.జి.ఏ.; పాతది. సన్నగా, బల్లపరుపుగా నుండునది హెచ్.డి.ఎం.ఐ. యంత్రమునందు ఒకటియు తెరయందు మఱియొకటియు ఉన్నచో వట్టి త్రాడు చాలదు, నడుమ మార్పిడి పరికరము కావలెను.

త్రాడు తగిలించితిని. "సిగ్నలు లేదు" అని తెర నల్లగా నిలిచినది. తెర చెడినదని తలచి అమ్మినవానిని మనసులోనే తిట్టుకొంటిని; పాపము, వాని తప్పు లేదు. నా యంత్రమున బొమ్మలకై వేఱొక కార్డు కలదు. అట్టి కార్డున్నపుడు పైనుండెడి సొంత రంధ్రములు పెక్కు యంత్రములలో పనిచేయవు. ఒక త్రాడు కార్డునకు, ఒకటి పైదానికి తగిలించితిని. రెండును కార్డునకే తగిలింపగా వెలుగు వచ్చెను.

వచ్చినది గాని రెండింటను ఒకే బొమ్మ! విండోస్ గుర్తుగల మీటను నొక్కిపట్టి "పి" అను మీటను నొక్కిన నాలుగు మార్గములు కనబడును. "డూప్లికేట్" అనునది ఒకే బొమ్మను రెంట చూపును. మనకు వలసినది "ఎక్స్‌టెండ్". అప్పుడు రెండు తెరలును ఒకే విశాలమైన బల్ల వలె నగును. పిమ్మట మఱొక చిక్కు. పాత తెరను నా ఎడమ ప్రక్క నుంచితిని. యంత్రము దానిని కుడివైపున నున్నట్లు భావించినది. మౌసు బాణమును ఎడమకు త్రోయగా గోడకు తగిలినట్లు నిలిచిపోయెడిది. సెట్టింగులలో డిస్‌ప్లే అనుచోట ఒకటి, రెండు అంకెలుగల పెట్టెలుండును. రెండవదానిని మౌసుతో ఈడ్చి ఎడమకు చేర్పగా బాణము దారి తెలిసికొన్నది. అక్షరముల పరిమాణమును అచ్చటనే ఒక్కొక్క తెరకు వేఱుగా మార్చుకొనవచ్చును.

నా యీడువారికి ఒక మాట. వ్రాయుతెర ముఖమునకు సూటిగా నుండవలెను. చూచుతెర ప్రక్కన కొంచెము వాలుగా నుండవలెను. రెండు చూపుల అద్దములు ధరించువారు తెరలను మఱికొంత దించుకొనవలెను, లేనిచో మెడ ఎత్తి ఎత్తి నొప్పిపుట్టును. నేను పది దినములు ఆ నొప్పి పడితిని.

ఆ పుస్తకమును మొదటినుండి మరల సరిచూచితిని. బొమ్మ ఎడమను, వ్రాత ఎదుటను. విడిచిన పంక్తులు పదునొకండు దొరకినవి. వానిని ఒక్కొక్కటిగా అక్కయ్యగారికి చదివితిని. తొమ్మిదింటిని ఆమె నేను ముగింపకమునుపే పూర్తిచేసిరి. రెండింటిని ఎఱుగనని, మరల చదువుమనిరి. ఇప్పుడు రెండవ పుస్తకమున అఱువది పుటలైనవి. ఆదివారములయందు ఆమె వినుచున్నారు.

సెలవు.